కారన్‌టూహిలా, బెన్ బుల్బెనా: ఏది మేలు?

ఐర్లండ్‌లోని డబ్లిన్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు లాంగ్ వీకెండ్ దగ్గరపడగానే అడిగేది ఒకటే: "ఇక్కడ అన్నిటికంటే ఎత్తైన కొండ ఏది?" కెర్రీ కౌంటీలోని కారన్‌టూహిల్, 1,038 మీటర్లు. కష్టపడి ఎక్కి, పైనున్న స్టీలు శిలువ పక్కన ఫోటో దిగి వాట్సాప్‌లో పెట్టేస్తే ఆ ముచ్చట తీరిపోతుంది. ఆ ఫోటోయే కావాలంటే ఇక చదవక్కర్లేదు, వెళ్ళిరండి. కొండ మీద ఏం మొలుస్తోంది, ఆ రాయి అక్కడికెలా వచ్చింది అని ఆగి చూసేవాళ్ళకి మాత్రం నా ఓటు స్లైగో కౌంటీలోని బెన్ బుల్బెన్‌కే. ఎత్తు 526 మీటర్లే, అంటే దాంట్లో సగం.

తేడా అంతా రాయిలో ఉంది. కారన్‌టూహిల్‌ది డెవోనియన్ అనే పాత భూయుగంలో నదులు మోసుకొచ్చిన ఇసుక గట్టిపడిన ఎర్ర ఇసుకరాయి. ఆ రాయి మట్టికి పెద్దగా సారం ఇవ్వదు. దానికి తోడు అట్లాంటిక్ వాన ఉన్న కాస్తా కడిగేస్తుంది. అందుకే నడిచినంతసేపూ గడ్డి, హెదర్ పొదలు, నాచు, సగం కుళ్ళిన మొక్కలు పేరుకుని కాలు దిగబడే పీట్ నేల. బెన్ బుల్బెన్ మాత్రం సున్నపురాయి. 30 కోట్ల ఏళ్ళకు పైగా క్రితం, లోతు తక్కువ వెచ్చటి సముద్రం అడుగున గుల్లలు, పగడాలు పేరుకుని తయారైంది. పైన గట్టి సున్నపురాయి, కింద మెత్తటి షేల్, అంటే బురద గట్టిపడిన రాయి. మంచుయుగంలో హిమానీనదాలు చెక్కేసరికి పైభాగం నిట్టనిలువు గోడలా మిగిలింది, కింది వాలంతా చాళ్ళు పడింది. సాయంత్రం ఎండ పక్కనుంచి పడితే ఆ చాళ్ళు అచ్చం చీర కుచ్చిళ్ళే. నెత్తి బల్లపరుపు. దాని మీద మళ్ళీ పీట్ నేలే.

అసలు సరుకు ఆ గోడల అంచుల్లో ఉంది. మంచుయుగం పోయాక ఉత్తరానికి జరిగిపోవలసిన ఆర్కిటిక్ మొక్కలు కొన్ని ఇక్కడే ఉండిపోయాయి. ఫ్రింజ్డ్ శాండ్‌వర్ట్ అని చిటికెన వేలి గోరంత తెల్లపువ్వు, అయిదు రేకులు, ఆకుల అంచున సన్నటి నూగు. ఐర్లండ్ మొత్తంలో అది ఈ కొండల వరసలో తప్ప ఇంకెక్కడా లేదు. మంచుయుగాన్ని కూడా ఇక్కడే ఎక్కడో తట్టుకుని బతికి ఉండొచ్చని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. సున్నం ఉన్న మట్టి, నీడగా ఉండే చల్లటి ఉత్తరపు గోడ, గొర్రె మూతికి అందని అంచు: మూడూ కలిసొచ్చాయి.

చిక్కేమిటంటే, గొర్రెకి అందనిది మనకీ అందదు. పువ్వు కోసం ఆ గోడలు పాకొద్దు. వెనకవైపు గ్లెనిఫ్ హార్స్‌షూ అనే 10 కిలోమీటర్ల చుట్టురోడ్డు ఉంది. అక్కడ కారాపి బైనాక్యులర్స్‌తో చూస్తే కొండగోడలు, వాటి ముందు చక్కర్లు కొట్టే బొంతకాకులు కనిపిస్తాయి. అమ్మానాన్నలు వస్తే ముందువైపు గోర్టరోవీ అడవి బాటలో నడిపించండి. కొండ కిందే చుట్టూ తిప్పే దారి, మోకాళ్ళకి టెన్షన్ లేదు.

కారన్‌టూహిల్‌కి అన్యాయం చేయను. అక్కడి విశేషం సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. బెన్ బుల్బెన్ మొక్కలకి చుట్టాలు ఆర్కిటిక్‌లో ఉంటే, కెర్రీ జీవాలకి చుట్టాలు స్పెయిన్, పోర్చుగల్‌లో ఉన్నాయి. కెర్రీ స్లగ్ అనే గుల్లలేని నత్త అలాంటిదే. వాన వెలిశాక నాచుపట్టిన బండ మీద చూడండి, నల్లటి ఒంటి మీద తెల్లటి చుక్కలు. ముట్టుకుంటే మామూలు స్లగ్‌లా ముడుచుకుని ఊరుకోదు, బంతిలా చుట్టుకుపోతుంది. తడి నేలలో బటర్‌వర్ట్ అనే పురుగుల్ని తినే మొక్క కూడా ఉంటుంది. జిడ్డు రాసినట్టు మెరిసే లేత ఆకులు నేలకి అతుక్కుని నక్షత్రంలా పరుచుకుంటాయి, వాటి మీద అంటుకుపోయిన చిన్న చిన్న ఈగలు. ఆ ఈగలే దానికి ఎరువు. పక్కనే కిల్లార్నీలో ఎర్ర జింకలున్నాయి. 2007లో నార్వే నుంచి తెచ్చి వదిలిన తెల్లతోక గద్దలూ ఆ చుట్టుపక్కల కనబడొచ్చు.

ఇన్ని ఉన్నా రెండో స్థానం ఎందుకంటే, ఎక్కేటప్పుడు ఇవేవీ చూడనివ్వదు ఆ కొండ. డెవిల్స్ లాడర్ అనే ఇరుకు చీలికలో నేను చూసిందల్లా ముందువాడి బూట్లు, వాటి కింద నుంచి దొర్లే రాళ్ళు. వేల కాళ్ళు తొక్కి తొక్కి ఆ దారి ఒరిసిపోయింది. పైకి చేరాక పొగమంచులో శిలువ తప్ప ఏమీ లేదు. అక్కడికే వెళ్ళాలనుకుంటే శిఖరం సంగతి మరిచిపోయి హాగ్స్ గ్లెన్ లోయలో రెండు చెరువుల దాకా నడిచి వెనక్కి రండి. నత్తా, బటర్‌వర్టూ కిందే దొరుకుతాయి.

గడ్డిలో అడుగేసేటప్పుడు నేను ఇప్పటికీ పాముందేమోనని కిందికి చూస్తాను, ఊరి అలవాటు. ఐర్లండ్‌లో అడవి పాములే లేవు. సెయింట్ పాట్రిక్ తరిమేశాడని కథ చెబుతారు గానీ, మంచుయుగం తర్వాత అవి చేరేలోపే సముద్రం అడ్డుపడింది. చూసుకోవలసింది పిడుదుల్ని. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి, రెండు కొండల దగ్గరా.