పాత చెక్కుల సొమ్ము స్టేట్‌కి కట్టడం: మనమే ఫైల్ చేసుకోవాలా, బయటివాళ్లకి ఇవ్వాలా?

డల్లాస్‌లో ఓ చిన్న ఐటీ కన్సల్టింగ్ కంపెనీకి లెక్కలు రాస్తుంటాను. ప్రతి నెలా బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసేటప్పుడు ఒక చెక్కు మాత్రం మిగిలిపోయేది. 2024 జనవరిలో ఇచ్చిన ఆఖరి జీతం, 1,840 డాలర్లు. ఆ అబ్బాయి ఉద్యోగం మానేసి గుంటూరు వెళ్లిపోయాడు. చెక్కేమో ఇర్వింగ్‌లో ఖాళీ చేసిన అపార్ట్‌మెంటుకి పోయింది.

"ఏడాది దాటింది కదండీ, ఆదాయంలో కలిపేయండి" అన్నారు మా ఓనరు గారు. చాలామంది చేసే పని ఇదే, చేయకూడనిదీ ఇదే. ఎవరూ మార్చుకోనంత మాత్రాన ఆ డబ్బు కంపెనీది అయిపోదు. గడువు దాటితే రాష్ట్రానికి జమ చేయాలి. హక్కుదారు ఎప్పుడు వచ్చి అడిగినా రాష్ట్రం ఇస్తుంది. టెక్సస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ జీతాలకి గడువు 1 ఏడాది. సప్లయర్ల చెక్కుల్లాంటి వాటికి సాధారణంగా 3 ఏళ్లు.

ఏ రాష్ట్రానికి కట్టాలన్నది మన ఇష్టం కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1965లో టెక్సస్, న్యూజెర్సీ కేసులో తేల్చిన పద్ధతి ఇది: మన రికార్డుల్లో హక్కుదారు చివరి అడ్రస్ ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రానికి. అడ్రసే లేకపోతే కంపెనీ రిజిస్టరైన రాష్ట్రానికి. ఆఫీసు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, రిజిస్ట్రేషన్ డెలావేర్‌లో ఉంటే అడ్రస్ లేని చెక్కులు డెలావేర్‌కి పోతాయన్నమాట.

టెక్సస్ పద్ధతి తేలిక. మార్చి 1 నాటికి గడువు దాటినవి చూసుకోవాలి. 250 డాలర్లు మించిన వాటికి మే 1 లోపు హక్కుదారుకి ఉత్తరం రాయాలి. జులై 1 లోపు కంప్ట్రోలర్ ఆఫీసుకి (రాష్ట్ర ఖజానా చూసే ఆఫీసు) రిపోర్టూ డబ్బూ ఒకేసారి ఇచ్చేయాలి. కట్టాల్సింది ఏమీ లేకపోతే రిపోర్టూ అక్కర్లేదు. మా చెక్కు లెక్కన చూస్తే 2025 జులై 1కి కథ ముగిసిపోతుంది.

అదే చెక్కు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ అడ్రస్‌కి వెళ్లి ఉంటే? 2025 జూన్ 30 నాటి లెక్కతో, నవంబర్ 1 రాకముందే స్టేట్ కంట్రోలర్‌కి (అక్కడ ఈ సొమ్ము చూసే అధికారి) మొదటి రిపోర్టు పంపాలి. అప్పుడు డబ్బు పంపకూడదు. దానికి 6 నుంచి 12 నెలల ముందే, 50 డాలర్లు ఉన్నా సరే, హక్కుదారుకి ఉత్తరం వెళ్లి ఉండాలి. ఆ తర్వాత రాష్ట్రం కూడా ఆయనకి ఉత్తరం రాస్తుంది. అప్పటికీ ఎవరూ రాకపోతే 2026 జూన్ 1-15 మధ్య రెండో రిపోర్టు, దాంతోపాటు డబ్బు. మనకి ఇది తలనొప్పే, కానీ హక్కుదారు కోణంలో చూస్తే కాలిఫోర్నియా పద్ధతే నయం. ఆలస్యమైతే మాత్రం ఏడాదికి 12 శాతం వడ్డీ వేస్తారు.

అందుకే నా లెక్క ఇది. ఒక్క టెక్సస్, నాలుగైదు చెక్కులు అయితే మీరే చేసుకోండి. ఒక మధ్యాహ్నం పని. దీనికి సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంటుని) పెట్టుకుంటే ఫీజు చెక్కుని మించిపోయినా ఆశ్చర్యం లేదు. మూడు నాలుగు రాష్ట్రాల్లో ఉద్యోగులుంటే, అందులో కాలిఫోర్నియా కూడా ఉంటే, బయటివాళ్లకి ఇచ్చేయండి. ఒక్కో రాష్ట్రం తేదీలు గుర్తుపెట్టుకునే టెన్షన్ తగ్గుతుంది. అయితే వాళ్లు తేదీ మరిచిపోతే నోటీసు వచ్చేది మీ పేరు మీదే. పైగా చివరి అడ్రస్‌లు, పేరోల్ రికార్డులు ఎలాగూ మీరే తీసివ్వాలి. సగం పని అదే.

ఏళ్ల తరబడి అసలు ఫైలే చేయకపోతే అది వేరే సంగతి. డెలావేర్‌లోనూ కాలిఫోర్నియాలోనూ స్వచ్ఛందంగా ముందుకొచ్చే కంపెనీలకి వడ్డీ మాఫీ చేసే పథకాలున్నాయి. కాలిఫోర్నియాలో ఆడిట్ నోటీసు వచ్చాక ఆ అవకాశం ఉండదు. ఇక్కడ మాత్రం సొంత వైద్యం వద్దు, తెలిసినవాళ్లని పెట్టుకోండి.

మా చెక్కు రిపోర్టు దాకా పోలేదు. ఏప్రిల్‌లో పంపిన ఉత్తరం తిరిగొచ్చింది. పాత ఆఫర్ లెటర్ ఫైల్లో వాళ్ల నాన్నగారి నంబరు దొరికితే వాట్సాప్ చేశాను. "మావాడు నిద్రపోతున్నాడండీ, లేవగానే చెప్తాను" అన్నారు. రెండు రోజుల్లో పాత చెక్కు చెల్లకుండా బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టి, డబ్బు అతని ఖాతాకి పంపేశాం.