మాచనూర్ సంఘం రేడియో 90.4: ఒక శ్రోత సమీక్ష

జహీరాబాద్‌కు దగ్గరలో, ఝరాసంగం మండలంలోని మాచనూర్ నుంచి ప్రసారమయ్యే సంఘం రేడియోను నేను మొదటిసారి విన్నది మా పెద్దమ్మ ఇంట్లో. పొద్దు గూకిన తర్వాత ఆమె జొన్నలు చేటలో పోసుకొని రాళ్లు ఏరుతున్నది. గూట్లో పెట్టిన ఫోనుకు ఇయర్‌ఫోన్ తీగ వేలాడుతున్నది. ఫోనులో ఒక స్త్రీ గొంతు విత్తనాలు దాచే పద్ధతి చెబుతున్నది. గంపను పేడమట్టితో అలికి, బాగా ఎండనిచ్చి, విత్తనాల్లో బూడిద, వేపాకు కలిపి, పైన మళ్లీ మట్టితో మూసివేయాలని ఆ గొంతు వివరిస్తుంటే మా పెద్దమ్మ చేట ఆపి, “బూడిద గంత సాలదు, ఇంకింత పొయ్యాలె” అంటూ ఫోనుతోనే వాదనకు దిగింది. అంతకుముందు ఆమె ఏ రేడియోకూ బదులు చెప్పగా నేను చూడలేదు. ఈ రేడియో ఎలా ఉంటుందని ఎవరడిగినా నేను ముందుగా చెప్పేది ఈ సంగతే.

ఈ కేంద్రాన్ని నడిపేది దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి పనిచేసే మహిళా సంఘాలు. వాటిలో ఎక్కువమంది చిన్న కమతాల దళిత స్త్రీలు. యునెస్కో సాయంతో స్టూడియో 1990ల చివర్లోనే సిద్ధమైనా, అప్పటికి ఇలాంటి వారికి లైసెన్సు ఇచ్చే విధానమే దేశంలో లేదు. అందుకని ఆ స్త్రీలు తమ కార్యక్రమాలను కేసెట్లలో రికార్డు చేసి, ఊరూరా సంఘం సమావేశాల్లో వినిపిస్తూ ఏళ్ల తరబడి ఎదురుచూశారు. స్వచ్ఛంద సంస్థలకు అనుమతినిచ్చే విధానం 2006లో వచ్చింది. 2008 అక్టోబర్ 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, ప్రసారం మొదలైంది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పిన 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పును రాసిన జస్టిస్ పి.బి. సావంత్ చేతుల మీదుగానే ఆ ప్రారంభం జరిగింది. ఒక తీర్పు పదమూడేళ్లకు మట్టిగోడల ఇళ్లలోకి గొంతుగా వచ్చి చేరిందన్న ఆలోచన ఇప్పటికీ నన్ను కదిలిస్తుంది.

ఇక శిక్షణ సంగతి. కొన్నేళ్ల కిందట మరో జిల్లాలో, గ్రామీణ స్త్రీల కోసమని ఏర్పాటు చేసిన మూడు రోజుల మీడియా శిక్షణకు నేను సహాయకురాలిగా వెళ్లాను. మూడు రోజులూ మైకు శిక్షకుడి చేతిలోనే ఉంది. స్త్రీలు నోటుపుస్తకాల్లో ఇంగ్లీషు మాటలను తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు, చివరి రోజున సర్టిఫికెట్లు పట్టుకొని ఫొటో దిగారు, ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ ఫొటో నా దగ్గర ఇంకా ఉంది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. మాచనూర్‌లో నేర్పిన తీరు వేరు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత స్త్రీలు రికార్డింగు, ఎడిటింగు, ప్రసారం అన్నీ స్వయంగా నేర్చుకొని ఈ కేంద్రాన్ని నిలబెట్టారు. వీడియో నేర్చుకున్న సంఘం స్త్రీలైతే కెమెరా కోణాలకు తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాటు వారికి ‘పటేల్ షాట్’, ఎందుకంటే పటేలు కూలివాళ్లను ఎప్పుడూ అలాగే చూసేవాడు. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెడితే అది ‘సంఘం షాట్’. కెమెరా ఎక్కడ నిలబెట్టాలో తమ బతుకులోంచే తేల్చుకున్న వారికి మరొకరు వచ్చి సాధికారత గురించి పాఠం చెప్పవలసిన పని ఉండదు.

ఆ సమానమైన చూపే రేడియోలోనూ వినిపిస్తుంది. మాట్లాడేవారు పుస్తకాల తెలుగు కోసం గొంతు సవరించుకోరు. ఉర్దూ, కన్నడం కలగలిసిన జహీరాబాద్ యాసలోనే తైదలు, కొర్రలు, సామలు, పచ్చజొన్నల గురించి, మందులు చల్లని సేద్యం గురించి, కలుపు అని అందరూ పీకి పారేసే ఆకుకూరల గురించి చెబుతారు. పొలం పాటలు పాడిన గొంతుల్లో వయసు తెలుస్తుంది, మధ్యలో ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినబడుతుంది. దాన్ని కత్తిరించకుండా ఉంచడమే నాకు నచ్చింది. ఏటా సంక్రాంతి నాడు మొదలై నెల రోజులు ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరిగే పాత పంటల జాతరను చూసినవారికి, ఆ జాతరలోని సందడే ఇక్కడ మాటల్లో దొరుకుతుంది.

లోపాలంటూ చెప్పవలసి వస్తే అవి ఎక్కువగా నిబంధనల వల్ల వచ్చినవే. ఇలా స్థానికులే నడుపుకొనే కమ్యూనిటీ రేడియోకు అనుమతించే 100 వాట్ల శక్తితో ప్రసారం చుట్టుపక్కల పల్లెలను దాటి పోలేదు కనుక, ఆ పల్లెల నుంచి హైదరాబాద్‌కు వలస వచ్చిన ఆడబిడ్డలు దీనిని మామూలు ఎఫ్ఎంలో పట్టుకోలేరు. ఇలాంటి కేంద్రాలు సొంతంగా వార్తలు తయారుచేసి ప్రసారం చేయకూడదన్న నిబంధన నాకు ఏమాత్రం సమంజసంగా తోచదు. పంట గురించి ఇంత సాధికారంగా మాట్లాడే స్త్రీ, ఆ పంటను కొనే మార్కెట్‌లో జరిగిన గొడవ గురించి వార్త చెప్పకూడదనడంలో న్యాయం లేదు. నేను విన్న రోజుల్లో ప్రసారం రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకే ఉండేది. పొలం పని, వంట పని చూసుకొని కూర్చునే వేళకు అది సరిగ్గా సరిపోతుంది గాని, రెండు గంటలు త్వరగా గడిచిపోతాయి.

జహీరాబాద్ వైపు వెళ్లేవారు ఒక రాత్రి అక్కడే ఆగి, ఏడు గంటలకు ఫోనులో 90.4 పెట్టుకొని వినాలని నా మనవి. వీలైతే వంటింటి దగ్గర కూర్చొని, ఇంట్లోని పెద్దవాళ్లతో కలిసి వినండి. మా పెద్దమ్మ ఆ రాత్రి తొమ్మిదయ్యాక ఫోను ఆపి, చేట గోడకు ఆనించి, “ఆ రేడియోల చెప్పేటామెకు నా ముచ్చట గూడ ఎవరన్న చెప్పుండ్రి, బూడిద లెక్క నేను చెప్త” అన్నది.