తీరమా, మైదానమా, కొండలా: స్థిరపడటానికి ఏది మేలు?

తీరానికి చలికాలంలో వెళ్తాం, కొండలకు ఎండాకాలంలో వెళ్తాం. వారం ఉండి, ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుంటుందో అనుకుంటూ తిరిగొస్తాం. నిజంగా కాపురం పెట్టాలనుకుంటే మాత్రం ఆ ప్రాంతానికి అన్నిటికన్నా చెడ్డ నెల ఏదో కనుక్కుని, ఆ నెలను బట్టే తూచాలి. ఈ మూడింటికీ చెడ్డ నెలలు వేరు, చెడగొట్టే తీరూ వేరు.

ఎండ కన్నా ఉక్క

తీరంలో 33 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం. మైదానంలో 40 డిగ్రీలు, తేమ 20 శాతం. అంకె చూస్తే తీరమే నయమనిపిస్తుంది. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూడండి: తీరంలో అది సుమారు 30 దగ్గరే ఆగిపోతుంది, మైదానంలో 23 దాకా దిగుతుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి ఒంటికి లెక్క ఈ తడి కొలతే. అది 35కి చేరితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నీడలో కూర్చున్నా ఎక్కువసేపు తట్టుకోలేరు.

రాత్రి తేడా ఇంకా ఎక్కువ. పొడి గాలి ఉన్నచోట తెల్లవారేసరికి బాగా చల్లబడుతుంది, తీరంలో నాలుగైదు డిగ్రీలు దిగితే గొప్ప. కూలర్ పనిచేసేది నీటిని ఆవిరి చేసే కాబట్టి మైదానంలో దానితో గడిచిపోతుంది. తీరంలో అది గదిలో జిడ్డు పెంచడానికే పనికొస్తుంది. అక్కడ ఏసీ తప్పదు, కరెంటు బిల్లూ తప్పదు.

కొండల్లో ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మైదానంలో 35 ఉన్న రోజున 2,000 మీటర్ల ఎత్తున 22 దగ్గర ఉంటుంది. దీనికి ఏదీ సాటి రాదు. అయితే ఆ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే వంటకు చాలాసేపు పడుతుంది. అతినీలలోహిత కిరణాలు కూడా ప్రతి 1,000 మీటర్లకు సుమారు 10 శాతం పెరుగుతాయి.

వాతావరణ లెక్కలు చూసేటప్పుడు ఏడాది సగటును నమ్ముకోకండి. 1991–2020 లాంటి ముప్పై ఏళ్ల లెక్కల్లో బాగా వేడి ఉండే నెల తీసుకుని, దాని రాత్రి కనిష్ఠం, తేమ చూడండి. నిద్ర పట్టే ఊరో కాదో అక్కడే తెలిసిపోతుంది.

నీళ్లు

చాలామంది టీడీఎస్ మీటరు జేబులో వేసుకుని వెళ్తారు. కరిగిన లవణాలు మొత్తం ఎంతో అది చెబుతుంది గానీ ఏ లవణాలో చెప్పదు. గ్రానైటు రాయి ఉన్న మైదానాల్లో లోతు బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఉండే అవకాశం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మీటరు 300 చూపించి, నీళ్లు నాలుకకు తియ్యగా తగిలినా, ఫ్లోరైడ్ ఆ హద్దుకు రెట్టింపు ఉండొచ్చు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఎరువులు బాగా వేసే పొలాల మధ్య నైట్రేట్ కూడా చూపించాలి. దాని హద్దు 50 మిల్లీగ్రాములు, దాటితే మొదటి ప్రమాదం పాలసీసా పట్టే పసిపిల్లలకు.

నమూనా పట్టేముందు బోరును పది నిమిషాలు వదలండి, లేకపోతే పైపులో నిలిచిన నీళ్లే సీసాలోకి వస్తాయి. బాక్టీరియా పరీక్షకు ల్యాబు వాళ్లిచ్చే శుద్ధిచేసిన సీసానే వాడి, ఐసులో పెట్టి 24 గంటల్లోపు చేర్చాలి. లవణాల పరీక్షకు సరైన కాలం ఎండాకాలం చివర. వానల తర్వాత పట్టిన నీళ్లు ఆ పరీక్షలో సాధారణంగా మంచి మార్కులే తెచ్చుకుంటాయి.

తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే కింద సుమారు 40 మీటర్లు ఉంటుందని లెక్క. చుట్టుపక్కల బోర్లన్నీ కలిసి పై మట్టాన్ని అరమీటరు దించాయంటే, కింది ఉప్పునీరు కాలక్రమంలో 20 మీటర్లు పైకి లేస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బోరు మళ్లీ తీపెక్కడానికి ఏళ్లు పడుతుంది. అందుకని ఇల్లు చూపించే మనిషిని వదిలేసి, ఆ వీధిలో మూతేసిన బోర్లు ఎన్నో లెక్కపెట్టండి.

కొండల్లో వాన దండిగానే పడుతుంది, పడ్డది నిలవదు. ఊటకు బకెట్టు, గడియారం పట్టుకుని వెళ్లండి. 20 లీటర్ల బకెట్టు నిండటానికి 4 నిమిషాలు పడితే గంటకు 300 లీటర్లు, రోజుకు 7,200. రాత్రి పారే నీటిని తొట్టిలో పట్టుకునే ఏర్పాటు ఉంటే పది ఇళ్లకు సరిపోతుంది. తొట్టి లేకపోతే మూడిళ్లకే తగువులు మొదలవుతాయి.

నేల, గోడ

ఉప్పుగాలి దెబ్బ కిటికీ గ్రిల్లు మీద ముందు కనిపిస్తుంది, కానీ ఖర్చంతా స్లాబులో ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు కాంక్రీటులోకి ఇంకి కడ్డీని చేరుతుంది, కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండు మూడింతలు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలినుంచి నెట్టి పెచ్చులూడదీస్తుంది. బాల్కనీ స్లాబు అడుగున, కడ్డీ వెంబడే తిన్నగా సాగిన గోధుమరంగు చారిక కనిపిస్తే పని మొదలైపోయినట్టే. దాని మీద సిమెంటు మెత్తితే రెండేళ్లు దాస్తుంది, అంతే. ఏసీ బయటి యూనిట్ రెక్కలు వేలితో నొక్కితే పొడి రాలుతున్నాయేమో అదీ చూడండి.

మైదానంలో నల్లరేగడి లాంటి ఉబ్బే మట్టితో పేచీ. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. కిటికీ మూలలనుంచి ఏటవాలుగా సాగే పగుళ్లు, వానాకాలంలో బిగుసుకుపోయే తలుపులు దాని గుర్తులు. లోతుకు దిగిన పునాది ఉంటే భయం లేదు.

కొండవాలులో చెట్ల మొదళ్లు చూడండి. మొదట్లో వంగి పైన నిటారుగా లేచిన చెట్లు వరసగా ఉంటే, ఆ వాలు నెమ్మదిగా జారుతోందని అనుమానించాలి. మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ గోడకు నీరు కారే రంధ్రాలు లేకపోయినా, మట్టితో పూడుకుపోయినా, వానాకాలంలో గోడ వెనక నీరు నిండి గోడను ముందుకు తోస్తుంది.

వరద విషయంలో "వందేళ్లకోసారి వచ్చేదే" అన్న మాటకు పడిపోకండి. ఏ ఏడాదైనా 1 శాతం అవకాశం ఉందని దాని అర్థం. 30 ఏళ్లు ఉండే ఇంటికి అది 26 శాతం అవుతుంది.

గాలి, దారి

గాలి విషయంలో సాధారణంగా తీరానిదే పైచేయి. కొండల గాలి స్వచ్ఛమన్నది సగం నిజమే: గిన్నెలాంటి లోయలో చలికాలపు రాత్రి చల్లగాలి అడుగున పేరుకుని, పొయ్యిల పొగ, బండ్ల పొగ ఎండ ఎక్కేదాకా అక్కడే తిష్ఠ వేస్తుంది. ఇల్లు లోయ అడుగున కాకుండా వాలు మధ్యలో ఉంటే ఈ బాధ తక్కువ.

ఆసుపత్రికి దూరం కిలోమీటర్లలో కాక నిమిషాల్లో కొలవాలి. పక్షవాతం వస్తే గడ్డ కరిగించే మందు 4.5 గంటల్లోపు పడాలి, స్కానింగ్ అయ్యాకే పడాలి. ఒకే దారి ఉన్న కొండ ఊళ్లో చరియ విరిగితే ఆ 4.5 గంటలు రోడ్డు మీదే గడిచిపోతాయి.

ఏది మేలు?

ఎక్కువ కుటుంబాలకు మైదానమే. అయితే మెరక నేల, రెండు రకాల నీటి వసతి, గంటలోపు పెద్దాసుపత్రి ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా తీరం దాన్ని దాటిపోతుంది. సముద్రం మీద మనసు పడితే ఐదారు కిలోమీటర్లు లోపలికి రండి, గాలి అందుతుంది, ఉప్పు బాగా తగ్గుతుంది. కొండలు మాత్రం రోజూ కిందికి దిగే పని లేనివాళ్లకు, ఇంట్లో గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పెద్దవాళ్లు లేనివాళ్లకు.

కొనేముందు ఆ చెడ్డ నెలంతా అద్దెకు దిగండి. వాన పడే రాత్రి రెండు గంటలప్పుడు ఆసుపత్రిదాకా ఒకసారి బండి నడిపి సమయం చూసుకోండి. అమ్మకానికున్న ఇంటికి గోడ అడుగున రెండడుగుల మేర మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే, పైన ఎందుకు వేయలేదని అడగండి.