ఎగ్జిక్‌మోడ్ నిరాకరణకు ఏది మేలు: లైబ్రరీని సరిచేయడమా, లేబుల్ మార్చడమా, బూలియన్ తెరవడమా?

ఫెడోరా, రెడ్‌హ్యాట్ లైనక్స్‌లలో పాత 32 బిట్ల షేర్డ్ లైబ్రరీ ఏదైనా లోడ్ కాక, ఆడిట్ లాగ్‌లో ఎగ్జిక్‌మోడ్ (దిద్దిన కోడ్‌ను నడిపే అనుమతి) నిరాకరణ కనిపించినప్పుడు, చాలామంది వెంటనే సెట్‌ఎన్‌ఫోర్స్ 0 కొట్టి ఏ ప్రోగ్రాము ఏం చేయవచ్చో నియంత్రించే భద్రతా వ్యవస్థ ఎస్ఈలైనక్స్‌నే పర్మిసివ్‌లోకి (అడ్డుకోకుండా లాగ్‌లో మాత్రమే రాసే స్థితిలోకి) దించేస్తారు. ఒక్క ఫైలు కోసం యంత్రమంతటి కాపలా ఎత్తివేసే ఈ పద్ధతిని పోలికలోకి తీసుకోనవసరం లేదు.

లైబ్రరీని ఎఫ్‌పిక్ (ఏ చిరునామాలోనైనా నడిచే కోడ్‌ను తయారుచేసే) ఆప్షన్ లేకుండా కంపైల్ చేస్తే, లోడర్ దాని కోడ్ పేజీల్లోనే చిరునామాలను దిద్ది, ఆ పేజీలను తిరిగి నడపదగినవిగా మార్చవలసి వస్తుంది. ఎస్ఈలైనక్స్ అడ్డుకునేది ఈ చివరి మెట్టునే. రీడ్‌ఎల్ఫ్‌తో డైనమిక్ విభాగం చూసినప్పుడు టెక్స్ట్‌రెల్ (కోడ్‌లోనే చిరునామాలు దిద్దాలని చెప్పే గుర్తు) కనబడితే కారణం తేలినట్టే. సోర్స్ చేతిలో ఉంటే ఎఫ్‌పిక్‌తో మళ్ళీ కంపైల్ చేయడాన్ని మించిన మార్గం లేదు, ఎందుకంటే అప్పుడు ఏ మినహాయింపూ అక్కరలేదు.

సోర్స్ లేనప్పుడు నా మొగ్గు లేబుల్ (ఫైలుకు ఎస్ఈలైనక్స్ తగిలించే రకం పేరు) వైపే. ఆ ఒక్క ఫైలుకు టెక్స్ట్‌రెల్_ఎస్‌హెచ్‌లిబ్_టి అనే రకాన్ని సెమానేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో నమోదు చేసి, నమోదైన లేబుల్‌ను ఫైలుకు తగిలించే రీస్టోర్‌కాన్ నడిపితే మినహాయింపు అక్కడికే పరిమితమవుతుంది. చ్‌కాన్‌తో పెట్టిన లేబుల్ మాత్రం తరువాతి రీలేబుల్‌లో చెరిగిపోతుంది. సెలైనక్స్‌యూజర్_ఎగ్జిక్‌మోడ్ అనే బూలియన్‌ను (ఎస్ఈలైనక్స్ నియమాలకు ఉండే ఆన్-ఆఫ్ స్విచ్‌ను) తెరిస్తే, కట్టడి లేని ప్రోగ్రాములన్నింటికీ ఇలాంటి ఏ లైబ్రరీనైనా వాడుకునే అనుమతి వస్తుంది. నిరాకరణల నుంచి అనుమతి నియమాలు తయారుచేసే ఆడిట్2అలౌ కూడా అంత మెరుగేమీ కాదు: నిరాకరణలో లక్ష్యం లిబ్_టి అయితే, అది తయారుచేసే నియమం ఆ లేబుల్ ఉన్న ప్రతి లైబ్రరీకీ వర్తిస్తుంది. లాగ్ చదవకుండా ఆ నియమమున్న మాడ్యూల్‌ను ఎక్కించేవారు ఈ సంగతి గమనించరు.

ఎగ్జిక్‌మెమ్ (మెమరీలో అప్పటికప్పుడు రాసిన కోడ్‌ను నడిపే అనుమతి) దారి వేరు. పరుగులో ఉండగానే కోడ్ పుట్టించే జిట్ ఇంజిన్లకు అది నిజంగానే అవసరం కావచ్చు. అందులో ఫైలు లేబుల్ చేయగలిగిందేమీ లేదు కనుక, వెబ్ సర్వర్ అయితే హెచ్‌టిటిపిడి_ఎగ్జిక్‌మెమ్ బూలియన్ తెరవడమే సమంజసం.

ఏది కారణమో తేలేవరకు సర్వీసు ఆగకూడదనుకుంటే, సెమానేజ్ పర్మిసివ్‌తో ఆ ఒక్క డొమైన్‌ను (సర్వీసు ప్రాసెస్‌కు ఉన్న రకాన్ని) మాత్రమే సడలించి, లాగ్ సేకరించాక అదే ఆజ్ఞకు మైనస్ డి జోడించి తొలగించాలి.