ఏళ్ల తరబడి చూస్తున్న ‘గన్‌స్మిత్ క్యాట్స్’: కథ తక్కువ, పనితనం ఎక్కువ

‘గన్‌స్మిత్ క్యాట్స్’ అనే జపాన్ ఆనిమే (కార్టూన్ సిరీస్) చూడమని ఎవరికైనా చెప్పేటప్పుడు ముందే ఒక మాట అనేస్తాను: కథ కోసమైతే కూర్చోవద్దు. తుపాకుల దొంగ రవాణా, అందులో చేతులున్న పెద్దమనుషులు, వాళ్ల తరఫున మనుషుల్ని లేపేసే ఒక రష్యన్ ఆడమనిషి, ఈ గొడవలో ఇరుక్కున్న ఇద్దరమ్మాయిలు. ఇంతే సంగతి. పోలీసు సినిమాలు నాలుగు చూసినవాళ్లకి అసలు దొంగ ఎవరో ముందే అనుమానం వచ్చేస్తుంది. అయినా కాలేజీ రోజుల్లో ఫ్రెండు హార్డ్ డిస్కులోంచి ఎక్కించుకున్న మసక కాపీతో మొదలుపెట్టి, తర్వాత డబ్బు పెట్టి డిస్కు కొనుక్కుని, ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. దీనికి మూలమైన మాంగా, అంటే జపాన్ కామిక్స్ కథ, కూడా మొత్తం చదివాను. అంతకాలం నాతో ఉన్నదాన్లో ఏది నిలబడింది, ఏది పాతబడింది అన్నది రాద్దామని ఇది.

ఇది ఓవీఏ. అంటే టీవీలో వారం వారం వచ్చినది కాదు, నేరుగా వీడియోగా అమ్మినది. 1995 నవంబరులో మొదటి భాగం, 1996 సెప్టెంబరులో ఆఖరిది వచ్చాయి. మూడే భాగాలు, ఒక్కోటి అరగంట. కెనిచి సొనోడా రాసి గీసిన మాంగా దీనికి ఆధారం. ‘బబుల్‌గమ్ క్రైసిస్’ పాత్రలకి రూపం ఇచ్చింది కూడా ఆయనే. దర్శకుడు తకేషి మోరి. తీసిన స్టూడియో ఓఎల్ఎమ్, రెండేళ్లు తిరక్కుండానే పోకెమాన్ మొదలుపెట్టిన స్టూడియో ఇదే. పికాచూని గీసిన కాంపౌండులోంచే ఈ తూటాలూ గ్రెనేడ్లూ వచ్చాయంటే పిల్లలు నమ్మరు.

ర్యాలీ విన్సెంట్ షికాగోలో తుపాకుల దుకాణం నడుపుతుంది. దుకాణం పేరే గన్‌స్మిత్ క్యాట్స్. దాంతో పాటు, బెయిలు మీద బయటికొచ్చి పారిపోయినవాళ్లని పట్టిచ్చి డబ్బు తీసుకోవడం ఆమె రెండో వ్యాపారం. మాంగా ప్రకారం ఆమెకి భారతీయ మూలాలున్నాయి. చామనఛాయ ఒళ్లు, పొట్టి నల్ల జుట్టు. ఆ కాలపు ఆనిమేలో ఇలాంటి హీరోయిన్ చాలా అరుదు, మొదటిసారి చూసినప్పుడు నాకు కథకన్నా ముందు ఆమే నచ్చింది. పక్కన మినీ మే హాప్కిన్స్, బాంబుల పిచ్చిది. వీళ్లిద్దరికీ సమాచారం అమ్మే బెకీ ఫరా. ఏటీఎఫ్ (తుపాకులు, పేలుడు పదార్థాల నేరాలు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) ఏజెంటు బిల్ కాలిన్స్ చట్టం పేరు చెప్పి బెదిరించి వీళ్లని తన కేసులోకి లాగుతాడు. అక్కణ్ణించి మొదలు.

ఇక దీన్ని ఇన్నేళ్లు ఎందుకు చూశానంటే, శబ్దం. ఇది తీసినవాళ్లు షికాగో వెళ్లి ఊరు చూసుకుని, అసలు తుపాకులు పేల్చి, అసలు కారు నడిపించి ఆ శబ్దాలు రికార్డు చేసి తెచ్చుకున్నారు. దాని మీద ఒక మేకింగ్ డాక్యుమెంటరీ కూడా ఉంది, దొరికితే వదలకండి. చాలా ఆనిమేల్లో పిస్టలైనా రైఫిలైనా ఒకే రకం ‘ఢాం’. ఇందులో ఒక్కో ఆయుధానికీ ఒక్కో గొంతు ఉంటుంది. గోడౌన్‌లో కాల్పుల సీను లాప్‌టాప్ స్పీకర్ల మీద చూస్తే మామూలుగానే ఉంటుంది. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. పేలిన చప్పుడు, అది గోడలకి తగిలి తిరిగి రావడం, ఖాళీ తూటా గొట్టం కింద పడి దొర్లడం, తూటాలు నింపిన మ్యాగజైన్ లోపలికి నెట్టి స్లయిడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జారే భాగం) వదిలినప్పుడు వచ్చే గట్టి టిక్కు, అన్నీ విడివిడిగా వినిపిస్తాయి. బొమ్మలో కూడా ఆ లెక్క తప్పదు. తూటాలు అయిపోతే స్లయిడ్ వెనకే ఆగిపోతుంది, ర్యాలీ మ్యాగజైన్ మార్చే తీరుతుంది. మన సినిమాల్లో హీరో రివాల్వరులోంచి పాతిక గుండ్లు వచ్చే అలవాటున్న నాకు ఇది మహా ముచ్చటగా అనిపించింది.

ర్యాలీ చేతిలో ఉండేది సీజెడ్ 75, ఆ పాత చెకొస్లొవేకియా పిస్టల్. చాలా పిస్టళ్లలో పైనుండే స్లయిడ్ ఫ్రేముని బయటి నుంచి పట్టుకుని జారుతుంది, దీంట్లో ఫ్రేము లోపల జారుతుంది. అందుకని చేత్తో పట్టి వెనక్కి లాగడానికి స్లయిడ్ మీద జాగా తక్కువ, ఆ తేడా బొమ్మలో కూడా కనిపిస్తుంది. పైగా ఆమెది తొలి రకం. తర్వాతి రకాలకన్నా అదే ఎందుకు మేలో మాంగాలో చిన్నపాటి ఉపన్యాసమే ఇస్తుంది. సొనోడాకి తుపాకులంటే ఉన్న పిచ్చి ఇక్కడ బయటపడుతుంది. ఇలాంటివి పట్టని వాళ్లకి ఆ పేజీలు బోరు, ఒప్పుకుంటాను. వీడియోలో మాత్రం ఉపన్యాసాలు తగ్గించి చేతిపని చూపించారు, అదే మంచిదైంది.

కారు సంగతి చెప్పకపోతే పాపం. 1967 షెల్బీ జీటీ500, నీలం రంగు మీద తెల్ల చారలు, 428 క్యూబిక్ అంగుళాల వీ8, అంటే దాదాపు ఏడు లీటర్ల ఇంజను. ఇందులోని ఛేజ్ దీని కోసమే రాసినట్టుంటుంది. ఇప్పటి ఆనిమేలో కార్లు ఎక్కువగా కంప్యూటర్లో చేసినవే కాబట్టి రోడ్డు మీద ఆటబొమ్మల్లా జారిపోతుంటాయి. ఇక్కడ కారుకి బరువుంది. బ్రేకు వేస్తే ముక్కు కిందికి వంగుతుంది, మలుపులో ఒళ్లు ఒక పక్కకి ఒరుగుతుంది, గేరు మారేటప్పుడు ఇంజను గొంతు ఒక్క క్షణం పడిపోయి మళ్లీ లేస్తుంది. ఇదంతా సెల్లుల మీద, అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ల మీద, మనుషులు చేత్తో గీసి రంగు వేసింది. ఆ ఛేజ్‌లో ఒక్కో షాట్ ఆపి చూస్తే ఎంతమంది కళ్లు పోగొట్టుకున్నారో అనిపిస్తుంది.

సంగీతం పీటర్ అర్‌స్కిన్‌ది. ‘వెదర్ రిపోర్ట్’ బ్యాండులో డ్రమ్స్ వాయించిన జాజ్ కళాకారుడు. ఆనిమే అనగానే మనకి గొంతు చించుకునే ఓపెనింగ్ పాట అలవాటు. ఇక్కడ మాటల్లేవు, వట్టి జాజ్. తెర ముక్కలుగా చీలడం, ఊరి కట్టడాలు, తుపాకీ, కారు, తాళానికి తగ్గట్టు కట్ అయ్యే షాట్లు. డెబ్బైల నాటి అమెరికా పోలీసు సీరియళ్ల మీద ప్రేమతో చేసిన పని అది. ఓపెనింగ్ ఇంతవరకు ఒక్కసారి కూడా స్కిప్ కొట్టలేదు, మిగతా సిరీస్‌లకి ఆ గౌరవం దక్కదు.

ఉద్యోగం పుణ్యమా అని నాలుగేళ్లుగా షికాగో పక్కనే ఉంటున్నాను. మన తెలుగువాళ్ల షికాగో అంటే నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్. అంటే ఇండియన్ స్టోర్లు, బాలాజీ గుడి, ఒకేలా ఉండే ఇళ్లు. ఈ ఆనిమే షికాగో అది కాదు, ఊరి నడిమధ్యలో పాత ఇటుక కట్టడాల షికాగో. వాబాష్ అవెన్యూ మీద నడుస్తుంటే నెత్తిమీద ఎల్ రైలు (స్తంభాల మీద ఎత్తులో నడిచే ఊరి రైలు) వెళ్లినంతసేపూ పక్కనున్న మనిషి మాట వినబడదు. పట్టాల సందుల్లోంచి ఎండ రోడ్డు మీద చారలుగా పడుతుంది. ఆ ఇనుప స్తంభాలూ ఆ మురికీ ఆ చీకటి వెలుతురూ చూశాక మళ్లీ ఓవీఏ పెడితే, జపాన్ నుంచి వచ్చినవాళ్లు ఎంత ఓపిగ్గా చూసి వెళ్లారో తెలుస్తుంది. పోస్టుకార్డు మీద బొమ్మల కోసం రాలేదు వాళ్లు.

ఊరు సరిగ్గా దించారు గానీ, ఊరి చట్టం మాత్రం గాలికొదిలేశారు. ఇలినాయ్‌లో డబ్బు తీసుకుని బెయిలు పూచీ ఇచ్చే వ్యాపారాన్ని 1963లోనే రద్దు చేశారు. ఆ వ్యాపారమే లేకపోతే, పారిపోయినవాణ్ణి పట్టిస్తే డబ్బిచ్చేవాడెవడు? అంటే ర్యాలీ రెండో వ్యాపారానికి ఆ రాష్ట్రంలో పునాదే లేదు. మొదటి వ్యాపారం సంగతీ అంతంతే. షికాగోలో 1982 నుంచి కొత్త పిస్టళ్ల రిజిస్ట్రేషన్ ఆపేశారు, 2010లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా అదే నడిచింది. పైగా తుపాకులు అమ్మే ఫెడరల్ లైసెన్సుకి 21 ఏళ్లు నిండాలి. మాంగా మొదట్లో ర్యాలీకి 19. ఇక్కడికొచ్చి ఇవన్నీ తెలిశాక నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. స్క్రూ కూడా తప్పకుండా గీసిన మనుషులు, దుకాణం అసలు తెరవనే కూడదన్న సంగతి మాత్రం పట్టించుకోలేదు. బహుశా ఊరిది పాత మాఫియా రోజుల పేరు కదా, అదే వాళ్లకి చాలింది.

విలన్ గురించి. నటాషా రాడినోవ్ ఉన్నంతసేపూ ఈ ఓవీఏ వేరే మెట్టు మీద ఉంటుంది. పెద్దగా మాట్లాడదు, కారణాలు చెప్పదు, గతం తలుచుకుని ఏడవదు. పని చేసుకుపోతుంది, అంతే. ర్యాలీకి సమానమైన మనిషి ఎదురైనప్పుడు ర్యాలీ మొహంలో మొదటిసారి భయం కనిపిస్తుంది, ఆ భయం వల్లే ఆఖరి భాగం నిలబడింది. అసలు కుట్ర నడిపే రాజకీయ నాయకుడు ఆమె ముందు అట్టబొమ్మ. అతను తెర మీదికి వచ్చినప్పుడల్లా నేను ఫోన్ చూసుకుంటాను.

ఇక మినీ మే. ఆమెతోనే ఈ సిరీస్‌కి అసలు చిక్కు. వయసు 17 అని చెబుతారు, చూడ్డానికి ఇంకా చిన్నపిల్లలా గీస్తారు. మాంగాలో ఆమె గతం, ఆమె మీద వేసే జోకులు, కొన్ని పేజీల్లో ఆమెని చూపించే తీరు నాకు మింగుడుపడలేదు. అప్పుడూ పడలేదు, ఇప్పుడు అసలే పడదు. ‘ఆ కాలం అలాంటిది’ అని సర్దిచెప్పే అభిమానులున్నారు, నాకా మాట సరిపోదు. ఓవీఏలో ఇదంతా బాగా తగ్గించి, ఆమెని నోరున్న, తెలివైన, బాంబులు తయారుచేసే పార్ట్‌నర్‌గా ఉంచారు. ఇద్దరూ దుకాణంలో దెబ్బలాడుకునే సీన్లు సరదాగా ఉంటాయి. కాబట్టి ఇంట్లో ఇంటరు చదివే తమ్ముడో చెల్లో ఆనిమే అడిగితే ఓవీఏ ఇవ్వొచ్చు, హింస సంగతి ముందు చెప్పి. మాంగా మాత్రం పెద్దవాళ్లకే.

అలాగని మాంగాని పక్కన పడేయలేను. 1991 నుంచి 1997 దాకా కొడాన్షా వాళ్ల ‘ఆఫ్టర్‌నూన్’ మాసపత్రికలో వచ్చింది, మొత్తం ఎనిమిది సంపుటాలు. తర్వాత ‘బర్స్ట్’ పేరుతో ఇంకో ఐదు. మనిషిని చంపకుండా బొటనవేలు మాత్రం ఎగరగొట్టి ట్రిగ్గరు నొక్కనివ్వకుండా చేసే ర్యాలీ పద్ధతి, మత్తుమందుల రాణి గోల్డీ, ఎవరి సరుకైనా చేరవేసే డ్రైవరు బీన్ బ్యాండిట్, అన్నీ అక్కడే. ఓవీఏలో గోల్డీ లేదు, బీన్ లేడు. బీన్ కావాలంటే 1989 నాటి ‘రైడింగ్ బీన్’ చూడాలి. అందులో ర్యాలీ పేరుతో ఒకామె ఉంటుంది గానీ బంగారు రంగు జుట్టు, వేరే మనిషే అనుకోండి. గోల్డీ కథని తీసుకుని ఇదే బృందం ఇంకో ఆరు భాగాలు చేసుంటే బాగుండేది. మూడు భాగాలకే ఆగిపోవడం నాకున్న పెద్ద ఫిర్యాదు.

భాష విషయానికొస్తే, జపనీసులో ర్యాలీకి మిచికో నెయా గొంతు. తొణకని గొంతు, విసుగు కూడా మెల్లగా పలుకుతుంది. మినీ మేకి కయే అరాకి గొంతు. ఇంగ్లీషులో అమాండా విన్ లీ ర్యాలీగా చేసింది. ఆనిమే అంటే సబ్‌టైటిల్సే అని పట్టుబట్టే మనిషిని నేను. దీనికి మాత్రం ఇంగ్లీషు డబ్బింగే పెట్టుకుంటాను. షికాగో పోలీసులు జపనీసు మాట్లాడటం కాసేపయ్యాక అడ్డుతగులుతుంది, ఇంగ్లీషులో ఆ వెటకారం ఊరికి సరిపోతుంది.

డిస్కు కొనాలనుకునేవాళ్లకి: ఆనిమ్‌ఈగో సంస్థ కిక్‌స్టార్టర్‌లో అభిమానుల దగ్గర డబ్బు పోగుచేసి బ్లూరే తెచ్చింది. పాత డీవీడీల మసక పోయి, ఫిల్ము గరుకు అలాగే ఉండి, రంగులు బాగా తేరుకున్నాయి. రాత్రి సీన్లలో తేడా బాగా తెలుస్తుంది. నా డిస్కుని ఒక కొరియర్ వాడు వానలో గుమ్మం ముందు పడేసి పోయాడు. పెట్టె అట్ట ఉబ్బింది గానీ డిస్కుకేం కాలేదు. ఇండియాకి తెప్పించుకునేవాళ్లు మాత్రం రీజియన్ (డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు) చూసుకోండి. అమెరికా రీజియన్ ఏ, మనది సీ. లాక్ ఉన్న డిస్కయితే ఇంట్లో ప్లేయరు తిప్పదు, డబ్బు దండగ.