స్కాట్లాండ్‌లో గోల్ఫూ, భోజనమూ: జంటగా వెళ్తే ఏ తీరం మేలు?

కారులో స్కాట్లాండ్ తిరుగుతూ పగలు గోల్ఫ్ ఆడి, సాయంత్రం అక్కడి వంటలు తినాలనుకునే జంటలకు మూడు దారులున్నాయి. ఎడిన్‌బరాకు తూర్పున ఈస్ట్ లోథియన్ తీరం ఒకటి. ఉత్తరాన ఫోర్త్ వంతెన దాటితే ఫైఫ్, అందులోనే సెయింట్ ఆండ్రూస్. ఇంకా పైకి, ఇన్వర్నెస్ దాటి డోర్నోక్ దాకా పోతే హైలాండ్స్. చాలామంది కోర్సుల (గోల్ఫ్ మైదానాల) పేరు ప్రతిష్ఠలు చూసి దారి ఖాయం చేసుకుంటారు. నన్నడిగితే ముందు చూడాల్సినవి రెండే: ఆట ముగిసిన చోటు నుంచి భోజనం ఎంత దూరం? ఆ రాత్రి కారు ఎవరు నడపాలి?

జూన్‌లో అక్కడ రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టినా 18 హోల్స్ (బంతిని వేయాల్సిన గుంతలు, అంటే పూర్తి ఆట) హాయిగా పూర్తవుతాయి. అయితే చిన్న ఊళ్ళ పబ్బుల్లో చాలా వాటికి వంటిల్లు ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా మూతపడుతుంది. వెలుతురును నమ్ముకుని ఆడుతూ పోతే రాత్రికి చిప్స్ ప్యాకెట్టే గతి. మద్యం సంగతి కూడా ఉంది. 2014 డిసెంబర్ నుంచి స్కాట్లాండ్‌లో డ్రైవరుకు 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటకూడదు. ఒక గ్లాసే కదా అనుకోకుండా, నడిపేవాళ్ళు అసలు ముట్టకపోవడమే మంచిది. అప్పుడు ఇద్దరిలో ఒకరికి ప్రతి రాత్రీ త్యాగమే.

ఫైఫ్‌తో మొదలుపెడదాం. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో ఆడాలని ఎవరికి ఉండదు? ముందే బుకింగ్ దొరకని వాళ్ళకు లాటరీ ఉంది. ఆడే రోజుకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం రెండులోపు పేర్లు ఇవ్వాలి, హ్యాండిక్యాప్ (ఆడేవాళ్ళ స్థాయిని చెప్పే అంకె) ధ్రువపత్రం చేతిలో ఉండాలి. తగలకపోతే ఏం చేయాలో ముందే అనుకుని ఉండకపోతే ఆ రెండు రోజులూ టెన్షనే. ఆదివారం మాత్రం మామూలుగా అక్కడ ఆట ఉండదు. కోర్సు మొత్తం ఊరి పార్కు అయిపోతుంది. పిల్లలు పరిగెత్తుతారు, కుక్కలను తిప్పుతారు, కోర్సులోని పాత రాతి వంతెన స్విల్కన్ మీద ఫొటోలు దిగుతారు. జంటలో ఒకరే ఆడే పక్షంలో నా దృష్టిలో అదే అక్కడ మంచి రోజు. ఆడని మనిషి కూడా ఆ పచ్చిక మీద నడిచి, రెండేసి హోల్స్‌కు ఒకే గ్రీన్ (గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక) ఎలా సరిపోతుందో కళ్ళారా చూడొచ్చు. పక్కనే హిమాలయాస్ అనే పటింగ్ (బంతిని మెల్లగా దొర్లించి గుంతలో వేయడం) మైదానం ఉంది. 1867లో మొదలైన మహిళల పటింగ్ క్లబ్బుది. కొద్దిపాటి రుసుము కడితే ఎవరైనా ఆడొచ్చు. నేలంతా ఎగుడుదిగుడు కాబట్టి బాగా ఆడేవాళ్ళకూ మొదటిసారి కర్ర పట్టినవాళ్ళకూ పెద్ద తేడా కనిపించదు.

తిండి విషయంలో ఫైఫ్ అసలు రుచి సెయింట్ ఆండ్రూస్‌కు దక్షిణాన వరుసగా ఉన్న చేపల రేవుల్లో దొరుకుతుంది. క్రెయిల్ రేవు దగ్గర వేసవిలో పీతలు, లాబ్‌స్టర్లు అప్పటికప్పుడు ఉడికించి ఇస్తారు. ఆన్‌స్ట్రథర్‌లో హాడక్ చేప వేపుడుకు జనం బారులు తీరతారు. ఆ ఊళ్ళలో గోల్ఫూ తక్కువది కాదు. ఈలీ కోర్సులో మొదటి షాట్ కొట్టే చోటికి ఎదురుగా గుట్ట ఉంటుంది, అవతల ఎవరున్నారో కనిపించదు. అందుకని స్టార్టర్ (ఎవరెప్పుడు ఆట మొదలుపెట్టాలో చెప్పే ఉద్యోగి) గదిలో పాత సబ్‌మెరైన్ పెరిస్కోప్ బిగించారు. ముందు ఆడేవాళ్ళు దూరం వెళ్ళారో లేదో అందులో చూసి, అప్పుడు మిమ్మల్ని కొట్టమంటారు. లాటరీ తగలలేదని దిగులుపడే బదులు ఒక రోజు ఇక్కడికి రావాలి.

ఇక ఈస్ట్ లోథియన్. ఇక్కడ గోల్ఫూ చేపలూ ఎప్పటినుంచో కలిసే ఉన్నాయి. మసెల్‌బరాలో చేపలమ్మే ఆడవాళ్ళు 1811 నాటికే గోల్ఫ్ పోటీ ఆడారు. గెలిచినామెకు బహుమతి ఒక కొత్త చేపల బుట్ట, ఒక శాలువా. అదే తీరంలో ఉన్న మ్యూర్‌ఫీల్డ్ గోల్ఫ్ క్లబ్ మాత్రం ఆడవాళ్ళకు సభ్యత్వం ఇవ్వడానికి 2017లో గాని ఒప్పుకోలేదు. ఈ సంగతి తెలిశాక కొందరు జంటలు అక్కడికి వెళ్ళకూడదనుకుంటే నేను తప్పుపట్టను. వెళ్ళేవాళ్ళకు మాత్రం పేరున్న మధ్యాహ్న భోజనం ఉంది. కోటు, టై వేసుకుని కూర్చోవాలి. భోజనమయ్యాక ఇద్దరూ ఒకే బంతిని మార్చిమార్చి కొట్టే ఫోర్‌సమ్స్ ఆట అక్కడి ఆనవాయితీ. భార్యాభర్తలకు ఇంతకంటే తగిన ఆట నాకు తోచదు.

నా ఓటు మాత్రం నార్త్ బెరిక్‌కే. వెస్ట్ లింక్స్ కోర్సు ఊళ్ళోనే మొదలై, సముద్రం వెంట వెళ్ళి మళ్ళీ ఊళ్ళోకే వస్తుంది. 13వ హోల్‌లో గ్రీన్‌కు అడ్డంగా రాతి గోడ, బంతిని దాని మీదుగా వేయాలి. 15వ హోల్ పేరు రెడాన్. దాని నమూనాను ప్రపంచమంతటా ఎన్నో కోర్సులు తీసుకున్నాయి. ఒకరు ఆడుతున్నంతసేపూ రెండోవాళ్ళు కారు తీయాల్సిన పనిలేకుండా సముద్ర పక్షుల కేంద్రం చూడొచ్చు, పడవలో బాస్ రాక్ చుట్టూ తిరిగి వేల గానెట్ పక్షులను చూడొచ్చు, రేవులో లాబ్‌స్టర్ తినొచ్చు. ఆట ముగిశాక బస దాకా నడకే కాబట్టి రాత్రి ఇద్దరూ నిశ్చింతగా గ్లాసు ఎత్తొచ్చు. పేరున్న రెస్టారెంట్‌లో తినాలనిపిస్తే ఎడిన్‌బరాకు రైల్లో అరగంట ప్రయాణం.

హైలాండ్స్ గొప్పదే, కాదనను. రాయల్ డోర్నోక్ స్థాయి కోర్సులు లోకంలో కొన్నే. బ్రోరాలో గొర్రెలు, ఆవులు కోర్సు మీదే మేస్తుంటాయి, గ్రీన్ల చుట్టూ కరెంటు కంచె ఉంటుంది. దారి మళ్ళి మొరే తీరానికి వెళ్తే, పొగబెట్టిన హాడక్, బంగాళాదుంపలు, పాలతో చేసే కల్లెన్ స్కింక్ సూపును అది పుట్టిన కల్లెన్ ఊళ్ళోనే తాగొచ్చు. స్పేసైడ్ విస్కీ డిస్టిలరీల్లో చాలాచోట్ల డ్రైవరు వాటాను చిన్న సీసాలో పోసి ఇస్తారు, బసకు చేరాక తాగొచ్చు. కానీ ఎడిన్‌బరా నుంచి డోర్నోక్ సుమారు 320 కిలోమీటర్లు, తక్కువలో తక్కువ నాలుగు గంటలు. ఇద్దరికీ గోల్ఫ్ పిచ్చి ఉండి, వారానికి మించి సెలవుంటే తప్ప నేను వెళ్ళమనను. ఒకరే ఆడితే రెండోవాళ్ళ సెలవంతా కారులోనే గడిచిపోతుంది.

అయిదారు రోజులుంటే నార్త్ బెరిక్‌లో మూడు రాత్రులు, క్రెయిల్‌లోనో ఈలీలోనో రెండు రాత్రులు ఉండండి. సెయింట్ ఆండ్రూస్‌కు ఆదివారం వచ్చేలా చూసుకోండి. సోమవారం ఓల్డ్ కోర్స్‌లో ఆడాలనుంటే శనివారం మధ్యాహ్నం రెండులోపు పేర్లు ఇచ్చేయండి. టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) ఖాయం చేసుకునే ముందే రాత్రి భోజనానికి టేబుల్ బుక్ చేసుకుని, అక్కడి నుంచి అయిదు గంటలు వెనక్కి లెక్కేసుకోండి.