సొంత లేబులా, పెద్ద కంపెనీయా?

ఆల్టర్నేటివ్ కంట్రీ, అంటే అమెరికా పల్లె సంగీతమైన కంట్రీలోనే మామూలు బాటకి పక్కగా నడిచే పాటలు, అవి పాడేవాళ్ళ ముందు చివరికి రెండే దార్లు, ఒకటి సొంత లేబుల్ (పాటలు విడుదల చేసే కంపెనీ) పెట్టుకుని సొంత డబ్బుతో రికార్డ్ చేసుకోవడం, రెండోది పెద్ద కంపెనీతో సంతకం పెట్టడం. ఈ రెండూ చూసినవాడు కెంటకీ నుంచి వచ్చిన స్టర్గిల్ సింప్సన్, అంతకుముందు రైల్వే యార్డులో పనిచేసిన మనిషి.

2014లో వచ్చిన రెండో ఆల్బమ్ దాదాపు 4,000 డాలర్లతో, 4 రోజుల్లో ముగించేశాడు, డబ్బు లేదు కాబట్టి వాయించేవాళ్ళంతా ఒకే గదిలో కూర్చుని లైవ్‌గా కొట్టేశారు, ఆ గరుకుదనమే జనాలకి ఎక్కింది. తర్వాత అట్లాంటిక్ అనే పెద్ద రికార్డు కంపెనీతో సంతకం పెట్టాడు, 2016 ఆల్బమ్‌కి వయొలిన్లు, బాకాలు అన్నీ వచ్చాయి, 2017లో గ్రామీ కూడా కొట్టాడు. అదే ఏడాది నవంబర్‌లో నాష్‌విల్‌లో కంట్రీ అవార్డుల ఫంక్షన్ లోపల జరుగుతుంటే ఈయనేమో బయట రోడ్డు మీద గిటార్ పట్టుకుని, ఆ గ్రామీని గిటార్ పెట్టెలో పెట్టి పాడుతూ కూర్చున్నాడు!

అంటే కంపెనీ వల్ల డబ్బూ పేరూ వస్తాయి గానీ కంట్రీ ఇండస్ట్రీ మాత్రం పిలవదన్నమాట. 2020కల్లా మళ్ళీ సొంత లేబులే.

అమెరికా పాటగాడు జాన్ ప్రైన్ అయితే 1981లోనే తన లేబుల్ పెట్టేసుకున్నాడు, అభిమానులు ఆల్బమ్ రాకముందే చెక్కులు పోస్టులో పంపారు. నన్నడిగితే సొంతదే బెటర్, కాకపోతే అన్ని ఊళ్ళూ తిరిగే ఓపిక, ముందే నాలుగు వేలమంది వినేవాళ్ళు ఉండాలి, అవి లేకుండా దిగితే కష్టమే.